భద్రతా మ్యాట్ మాహాత్మ్యం

జిల్లా విత్తన పరిశీలన కార్యాలయం బండికి పదహారేళ్లు. పెద్ద టైర్లూ ఎత్తైన సీట్లూ ఉన్న ఏడుగురు పట్టే ఎస్‌యూవీ అది. అంతకు ముందు ఆ షెడ్డులో ఉండేది జీపు కాబట్టి ఆఫీసులో అందరూ దీన్నీ జీపనే పిలుస్తారు. డ్రైవర్ ఓదెలుకు యాభై మూడేళ్లు. ఇరవై రెండేళ్ల సర్వీసులో అతను ఒక్క కోడిపిల్లను కూడా తొక్కించలేదు. ఆ సంగతి తనంతట తాను చెప్పుకోడు గాని, ఎవరూ అడక్కపోతే కొంచెం నొచ్చుకుంటాడు.

బండికీ అతనికీ మంచి పొత్తు. రెండో గేరు ఎక్కడ మొరాయిస్తుందో, చలికాలం పొద్దున ఎంతసేపు బతిమాలితే ఇంజన్ లేస్తుందో, ఏ తలుపును ఎత్తి వేయాలో, ఏ తలుపును తన్ని వేయాలో అతనికి తెలుసు. మూలమూలల మండలాల్లో రైతులు నకిలీ విత్తనాలు కొని నెత్తీనోరూ బాదుకుంటే అధికారులు అక్కడికి వెళ్లేది ఈ బండిలోనే. ఎప్పుడూ ఆలస్యంగానే వెళ్తారు గాని, ఆ ఆలస్యంలో బండి తప్పు ఏనాడూ లేదు.

ఇలా ఉండగా భద్రతా వారోత్సవాలు వచ్చాయి.

రాజధానిలోని కమిషనర్ గారికి ఒకనాడు తమ శాఖ డ్రైవర్ల భద్రత గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చాక ఊరుకోలేదు. ప్రతి జిల్లాకూ ఒక భద్రతా మ్యాట్ పంపించారు. అరచేయి మందాన నల్లటి రబ్బరు, మధ్యలో శాఖ చిహ్నం, దాని చుట్టూ ఉబ్బెత్తు అక్షరాల్లో ‘భద్రతే మన బాట’ అన్న నినాదం, కింద బంగారు రంగులో స్వయానా కమిషనర్ గారి సంతకం. డ్రైవర్ కాళ్ల కింద దాన్ని పరిచి, ఎనిమిది స్క్రూలు బిగించి, రెండు సీసపు సీళ్లు వేసిపోయారు. సీలు తెంపితే సస్పెన్షన్ అని చెప్పి ఓదెలు చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. మ్యాట్ కొలతలు తీసింది రాజధానిలో కమిషనర్ గారి కొత్త బండి లోపల. మిగతా బండ్లు కూడా ఆ కొలతకే ఉండాలని వాళ్ల ఉద్దేశం కాబోలు.

మర్నాడు పొద్దున ఓదెలు క్లచ్ తొక్కితే అది సగం దూరం దిగి మ్యాట్ మీద ఆగిపోయింది. గేరు వేస్తే లోపల పళ్లు పటపటా కొరికిన చప్పుడైంది. సరే అని ఎక్స్‌లరేటర్ తొక్కి కాలు తీశాడు. కాలు వచ్చింది గాని పెడల్ రాలేదు. మ్యాట్ అంచు పైకి లేచి దాన్ని పట్టుకుంది. ఇంజన్ దానంతట అదే ఊగుతూ లేచి, కాస్త తగ్గి, మళ్లీ లేచింది. సంత దగ్గరికి వచ్చేసరికి ఆ ఊపు బ్రేకుకు కూడా లొంగలేదు. ఓదెలు హ్యాండ్ బ్రేకు గుంజి, తాళం తిప్పేసి, సీతాఫలాల గంపకు జానెడు దూరంలో బండిని ఆపాడు.

గంప వెనక కూర్చున్న ముసలమ్మ లేచి కొంగు నడుముకు చుట్టింది.

“ఏమయ్యా, కండ్లు కనవడ్తలేవా? గవర్మెంటు బండైతే మనుషుల మీదికెల్లి పోతదా?”

ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఓదెలుకు స్టీరింగ్ అంటే భయం వేసింది. వంగి కాళ్ల కింద చూశాడు. సంగతి అక్కడే కనబడుతోంది. ఆఫీసుకు తిరిగి వచ్చేదాకా మొదటి గేరు దాటలేదు.

సూపరింటెండెంట్ సుగుణాకర్ గదిలో ఫైళ్ల మధ్య నుంచి కళ్లద్దాలు మాత్రం కనిపిస్తాయి. ఓదెలు ఆ అద్దాలకు నమస్కారం పెట్టి విషయం చెప్పాడు.

“సార్, మ్యాటు మందమైంది. క్లచ్చు కిందికి దిగనిస్తలేదు, గేరు కొరుకుతాంది. ఎక్స్‌లేటర్ పట్టుకుంటాంది, బండి రేజ్ అయితాంది. మ్యాట్ తీసేస్తే అయిపోతది సార్.”

సుగుణాకర్ సొరుగులోంచి వాహన లోప నివేదిక ఫారం తీశాడు. అందులో ఇంజన్ నుంచి వైపర్ దాకా నలభై రెండు భాగాల పేర్లు ఉన్నాయి. వేలు పెట్టి పై నుంచి కిందికి, కింది నుంచి పైకి వెతికాడు.

“మ్యాట్ ఇందులో లేదు.”

“బండిల ఉన్నది గద సార్.”

“బండిలో ఉన్నంత మాత్రాన బండిలో భాగం కాదు ఓదెలూ. నువ్వూ బండిలోనే ఉంటావు, ఫారంలో ఉన్నావా? మ్యాట్ భద్రతలో భాగం. భద్రత వల్ల ప్రమాదం వస్తోందని నేనెట్లా రాయను? చదివినవాళ్లు నవ్వుతారా, నన్ను తంతారా?”

చివరికి ఆయనే కలం అందుకున్నాడు. ‘ఇంజన్ నందు స్వయంప్రేరిత ఉత్సాహము, గేరు నందు విముఖత కనబడుచున్నవి. కారణము తెలియరాలేదు’ అని రాసి పైకి పంపాడు. కారణం చెప్పి పక్కనే నిలబడ్డ ఓదెలుకు ఒక టీ ఇప్పించి పంపేశాడు.

పైన ఉన్నది డిప్యూటీ డైరెక్టర్ నరహరిరావు. ఆయన మంచివాడు. ఎవరేం చెప్పినా వింటాడు, కమిటీ వేస్తాడు. ఈసారి కూడా వేశాడు. తానే అధ్యక్షుడు, సుగుణాకర్ కార్యదర్శి, విత్తనాల ల్యాబులో మొలక శాతం లెక్కపెట్టే టెక్నికల్ అసిస్టెంట్ వైదేహి సభ్యురాలు. ఆవిడ హోదా పేరులో టెక్నికల్ అన్న మాట ఉంది కాబట్టి యంత్రాల సంగతి ఆవిడ చూసుకోవాలని తీర్మానించారు.

“నేను చూసేది మొలకలు సార్,” అన్నది వైదేహి.

“మొలకైనా బండైనా కదిలే వస్తువే కదమ్మా,” అన్నాడు నరహరిరావు.

ఊళ్లో ముప్పై ఏళ్లుగా డీజిల్ బండ్లు విప్పి బిగిస్తున్న అజ్మత్ మేస్త్రీని పిలిపించారు. అతను బండెక్కి కూర్చుని, క్లచ్ ఒకసారి తొక్కి, కిందికి చూసి పకపకా నవ్వాడు.

“అరె ఓదెలు భాయ్, ఇంజన్ మంచిగుంది, గేరు బాక్సు మంచిగుంది. మీ పరుపు తియ్యిండ్రి, అంతే. రెండు నిమిషాల పని.”

కమిటీలో ఎవరూ నవ్వలేదు. నరహరిరావు గొంతు సవరించుకున్నాడు.

“మేస్త్రీ గారూ, మీ అభిప్రాయాన్ని మేము గౌరవిస్తున్నాం. అయితే మ్యాట్ కమిటీ పరిధిలోకి రాదు. మ్యాట్‌ను మినహాయించి, మిగిలిన వాహనంలో మీకు ఏమి దోషం కనబడుతున్నదో సెలవివ్వండి.”

“మిగిలిన దాంట్ల ఏం లేదు సాబ్.”

“లేదంటే ఎట్లా? కమిటీ వేశాం కదా.”

అజ్మత్ ఓదెలు వైపు చూశాడు. ఓదెలు ఆకాశం వైపు చూశాడు. అజ్మత్ సామాన్ల సంచీ దులుపుకొని లేచాడు. పోతూ పోతూ, దేనికైనా మంచిది, అంతదాకా బండిని జనంలోకి తీసుకుపోవద్దని ఓదెలు చెవిలో చెప్పిపోయాడు. ఓదెలు ఆ మాట పాటించాడు. ఆ రోజు నుంచి బండిని కాంపౌండు గేటు దాటించలేదు. నకిలీ మిరప విత్తనాలు కొన్న రైతులు రెండుసార్లు ఫోన్ చేశారు. బండి పరిశీలనలో ఉంది కాబట్టి విత్తనాల పరిశీలన ఆగిందని వాళ్లకు మర్యాదగా చెప్పారు.

కమిటీ వారానికోసారి కూర్చుంది. మొదటి వారం డీజిల్ ఫిల్టర్ మార్చారు. రెండో వారం పంపు విప్పి కడిగించారు. మూడో వారం క్లచ్ ప్లేట్లు, నాలుగో వారం ఇంజన్ కింది రబ్బర్లు, ఆ తర్వాత గేరు రాడ్డు, డీజిల్ పైపులు. ఫారంలో ఉన్న భాగాలన్నీ వరసగా కొత్తవి అవుతూ వచ్చాయి. పదహారేళ్ల బండి పెళ్లిచూపులకు ముస్తాబైనట్టు తయారైంది. తాళం తిప్పితే మునుపటికంటే కొత్త బలంతో రేజ్ అవుతోంది, గేరు వేస్తే కొత్త పళ్లతో కొరుకుతోంది.

ఈలోగా మ్యాట్ సంగతి కూడా ఒకసారి పైకి వెళ్లకపోలేదు. వైదేహికి మనసొప్పక, మ్యాట్ మందం గురించి మర్యాదగా రెండు వాక్యాలు రాసి రాజధానికి పంపింది. నాలుగో రోజుకే జవాబు వచ్చింది. ‘సదరు మ్యాట్ పైన నేటి వరకు ఎవరును జారిపడినట్లు దాఖలాలు లేవు. కావున మ్యాట్ పూర్తి సురక్షితము’ అని అందులో ఉంది. కింద అదే సంతకం. వైదేహి ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, మొలకలు లెక్కపెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

ఫారంలో నలభై రెండు భాగాలూ అయిపోయాయి. ఇక కమిటీకి ఒక్కటే దారి మిగిలింది.

“వాహనం నిర్దోషి,” అన్నాడు నరహరిరావు. “మ్యాట్ నిర్దోషి. ఆ రెండింటికీ మధ్యలో ఏముంది?”

అందరూ ఆలోచించారు. అందరి చూపులూ మెల్లగా ఓదెలు కాళ్ల మీదికి దిగాయి.

ఆ మధ్యాహ్నమే అతని కుడిపాదం కొలిచారు. పొడవు, వెడల్పు, మందం. సుగుణాకర్ స్కేలు పట్టుకుంటే వైదేహి తలొంచుకుని రాసుకుంది. ఎడమ పాదానిది వేరే కాగితం. తర్వాత ప్రభుత్వ వైద్యుడి దగ్గరికి పంపారు. ఆయన పాదాన్ని అటూ ఇటూ తిప్పి, ‘పాదం మామూలుగా ఉంది, మడమకు కాస్త పగుళ్లు’ అని రాసిచ్చాడు. కమిటీ ఆ నివేదికను శ్రద్ధగా చదివింది.

“మామూలుగా ఉండటమే ఇక్కడ సమస్య,” అన్నాడు నరహరిరావు విచారంగా. “భద్రతా ప్రమాణాలకు అనుగుణంగా లేదు. అరచేయి మందం తగ్గి ఉండాల్సింది.”

“దేవుడిచ్చిన కాలు సార్,” అన్నాడు ఓదెలు.

“దేవుడు సర్క్యులర్ రాకముందు ఇచ్చాడోయ్. ఆయన్ని తప్పుపట్టడం లేదు.”

తీర్మానం రాశారు. డ్రైవర్ ఓదెలును వాహన విధుల నుంచి తప్పించి, రికార్డు గదిలో అటెండర్‌గా వేయాలని. శుక్రవారం రాజధాని నుంచి భద్రతా విభాగం జాయింట్ డైరెక్టర్ సుచరిత గారు వస్తున్నారు. ఆవిడ ఒకసారి బండి ఎక్కి చూసి సంతకం పెడితే అయిపోతుంది.

ఓదెలు ఆ సాయంత్రం ఇంటికి నడుచుకుంటూ వెళ్లాడు. రికార్డు గది అతనికి తెలుసు. కిటికీ లేదు, చెదలు ఉన్నాయి. ఇంకో ఏడేళ్లు ఆ చీకట్లో కట్టలు మోస్తూ, తన బండిని ఇంకెవరో పటపటలాడించుకుంటూ నడుపుతుంటే గోడ వెనక నుంచి వినాలి. ఆ నడిపేవాడికి హ్యాండ్ బ్రేకు టైముకు అందకపోతే? సంతలో ముసలమ్మ గుర్తుకొచ్చింది. తప్పు చేసి ఉంటే బాగుండేది, కనీసం ఒప్పుకోవడానికి ఒకటుండేది అనుకున్నాడు.

ఆ పరధ్యానంలోనే గడప దాటి, చాప మీద తెరిచి ఉన్న నోటుబుక్కు మీద అడుగు వేశాడు. అది అతని భార్య రాజవ్వ మహిళా సంఘం తీర్మానాలు రాసే పుస్తకం.

“అయ్యో అయ్యో, గదేం నడక!” రాజవ్వ వంటింట్లోంచి ఉరికి వచ్చింది. “అచ్చరాలు తొక్కుతవా? సదువుల తల్లి మీద కాలు పెడ్తవా? మొక్కు, ముందుగాల కండ్లకద్దుకో!”

ఓదెలు గబుక్కున వంగి పుస్తకాన్ని ముట్టి కళ్లకు అద్దుకున్నాడు. అద్దుకున్నవాడు అట్లాగే వంగి ఉండిపోయాడు.

“ఏమాయె? నడుం పట్టిందా?” అన్నది రాజవ్వ.

“రాజవ్వా,” అన్నాడు ఓదెలు నెమ్మదిగా, “అందుల నుంచి ఒక కాయితం చింపియ్యి.”

శుక్రవారం పొద్దున పదింటికి సుచరిత గారు వచ్చారు. కాంపౌండులో బండి తళతళలాడుతోంది. మెడలో కమిటీ బ్యాడ్జీలతో నరహరిరావు, సుగుణాకర్, వైదేహి వరసగా నిలబడ్డారు. ఓదెలు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని బండికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

“డ్రైవర్, బండి తియ్యండి,” అన్నారు సుచరిత.

“నేను ఎక్కను మేడమ్. ఇగ నాతోని గాదు,” అని ఓదెలు కాగితం చాచాడు.

సుగుణాకర్ దాన్ని అందుకుని, ఆఫీసు గొంతుతో పైకి చదివాడు.

“మహారాజశ్రీ జాయింట్ డైరెక్టర్ గారి దివ్య సముఖమునకు డ్రైవరు ఓదెలు సవినయముగా చేసుకొను మనవి. అమ్మా, గడచిన రెండున్నర నెలలుగా మన శాఖ చిహ్నమును నేను నా ఎడమ కాలితో తొక్కుచున్నాను. ‘భద్రతే మన బాట’ అను పవిత్ర నినాదము నా కుడి మడమ కింద నలుగుచున్నది. అన్నింటికంటె మించి, మహనీయులైన కమిషనర్ గారి స్వహస్త సంతకము పైన దినమునకు...” సుగుణాకర్ గొంతు ఇక్కడ సన్నబడింది. “...దినమునకు నూరుసార్లు నా పాదము మోపబడుచున్నది. నా మడమకు పగుళ్లున్నట్లు డాక్టరు గారు కూడా రాసియున్నారు. ఇంతటి అపచారము చేసిన నన్ను ఏ శిక్షకైనను గురిచేయగలరు. ఇక మీదట మాత్రము నేను ఆ సంతకమును తొక్కజాలను.”

సుచరిత గారి ముఖం పాలిపోయింది. ఆవిడ వంగి బండి లోపలికి చూశారు. బంగారు రంగు సంతకం మీద ఎర్రమట్టి మడమ ముద్ర స్పష్టంగా ఉంది.

“ఎవరు,” అన్నారు ఆవిడ, “ఎవరు దీన్ని కాళ్ల కింద వేయించారు?”

వేయించింది ఆవిడ విభాగమే. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ చెప్పలేదు. నరహరిరావుకు తానూ ఒకరోజు పరీక్ష కోసం డ్రైవర్ సీట్లో కూర్చున్న సంగతి గుర్తుకొచ్చింది. ఆయన చడీచప్పుడు లేకుండా బూట్లు విప్పి గోడ వెనక పెట్టి వచ్చాడు.

ఆ తర్వాత అంతా చకచకా జరిగింది. రెండున్నర నెలల్లో దొరకని అధికారం రెండు నిమిషాల్లో దొరికింది. సుచరిత గారే స్వయంగా సీళ్లు తెంపించారు. స్క్రూలు విప్పారు. మ్యాట్‌ను నలుగురూ నాలుగు కొసలు పట్టి కిందికి దించి, నీళ్లతో కడిగి, తువ్వాలతో ఒత్తారు. సుగుణాకర్ ఎందుకైనా మంచిదని బొట్టు కూడా పెట్టబోయాడు, చిహ్నంలో ఎక్కడ పెట్టాలో తెలియక ఆగాడు. మ్యాట్‌ను తీసుకుపోయి నరహరిరావు కుర్చీ వెనక గోడకు తగిలించారు.

ఓదెలు బండెక్కాడు. క్లచ్ అడుగు దాకా దిగింది. గేరు వెన్నలో కత్తిలా పడింది. ఎక్స్‌లరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఇంజన్ చెప్పిన మాట విని తగ్గింది. సుచరిత గారిని ఎక్కించుకుని సంత మీదుగా ఊరంతా తిప్పాడు. సీతాఫలాల ముసలమ్మ దగ్గర ఆపి, ఆవిడ తిట్టకముందే నాలుగు పండ్లు కొన్నాడు. చాలా రోజుల తర్వాత అతనికి ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. రేపే మిరప రైతుల ఊరికి పోవచ్చు.

కమిటీ తుది నివేదిక ఆ సాయంత్రమే సిద్ధమైంది. మ్యాట్ ప్రస్తావన అందులో లేదు. ‘డ్రైవరు పాదమునందు కలిగిన పశ్చాత్తాపముచేత వాహనము యథాస్థితికి వచ్చినది. కావున రికార్డు గది ప్రతిపాదన ఉపసంహరించడమైనది’ అని మాత్రం ఉంది. వైదేహి సంతకం పెడుతూ ఓదెలు వైపు చూసి పెదవి కొరుక్కుంది. ఓదెలు ముఖంలో పశ్చాత్తాపం తప్ప ఇంకేమీ కనబడకుండా చూసుకున్నాడు.

పది రోజులకు రాజధాని నుంచి కొత్త సర్క్యులర్ వచ్చింది. సుగుణాకర్ దాన్ని ఓదెలుకు చదివి వినిపించాడు.

“భద్రతా మ్యాట్‌ను పాదముల కింద ఉంచుట గౌరవలోపముగా గుర్తించబడినది. ఇక మీదట అన్ని వాహనములందును మ్యాట్‌ను డ్రైవరు కన్నుల ఎదుట, ముందు అద్దమునకు లోపలి వైపున, చిహ్నము మరియు సంతకము నిండుగా కనబడునట్లు అమర్చి సీలు వేయవలెను.”

ఓదెలు ముందు అద్దాన్ని ఊహించుకున్నాడు. అరచేయి మందాన నల్లటి రబ్బరు, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా.

“మరి రోడ్డు, సార్?”

సుగుణాకర్ సర్క్యులర్‌ను వెనక్కి తిప్పి చూశాడు.

“రోడ్డు ప్రస్తావన లేదు.”

మూడు నెలల కిందటి ఓదెలు అయితే అద్దం గురించి, చూపు గురించి, సంతలో కూర్చునే మనుషుల గురించి గంటసేపు వాదించేవాడు. ఇప్పుడు వాదించలేదు. బల్ల మీది తెల్లకాగితం ఒకటి లాక్కుని, సుగుణాకర్ జేబులోని కలం అడిగి తీసుకుని, నిలబడే రాయడం మొదలుపెట్టాడు. సుగుణాకర్ అతని భుజం మీదుగా చదివాడు.

‘అయ్యా, ముందు అద్దము మీద మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడును. కమిషనర్ గారి బంగారు సంతకము ఆ ఎండకు దినదినము వెలిసిపోవుట ఈ కండ్లతో చూచి నేను బ్రతుకజాలను.’

సుగుణాకర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, ‘బ్రతుకజాలను’ అన్న మాట కింద ఒక గీత గీయమన్నాడు.